రోజుకి ఎన్ని కళ్ళు

ఆటోనగర్‌లో పంక్చర్ల రబ్బానీ కొట్టుకీ
నా లేతు షెడ్డుకీ మధ్య సందులో
ఎనిమిదడుగుల రేకు ఒకటి నిలబెట్టాను.
నల్లరంగు, రెండు పూతలు.
పొద్దున్నే సుద్దముక్కతో నాలుగు మాటలు రాస్తాను:
రాత్రి ఏ లారీ ఎక్కడ మొరాయించింది,
బందరు కాలువలో నీళ్ళు ఇవాళ ఏ రంగు,
ఇనుముకి నొప్పి ఉంటుందా, ఉంటే ఏ చివర మొదలవుతుంది,
ఇలాంటివి.
కింద రెండడుగులు ఖాళీ.
నడుము వంగదు, అంతే.

ఇరవై మూడో రోజున
గవర్నర్‌పేట నుంచి ఒక కుర్రాడొచ్చాడు.
బండి స్టాండు కూడా వేయకుండా
"బాబాయ్, ఆ కింద జాగాలో
బేరింగుల కంపెనీ వాళ్ళు బొమ్మ వేసుకుంటారట,
నెలకి పద్దెనిమిది వందలు" అన్నాడు.
పద్దెనిమిది వందలంటే
నా షెడ్డు కరెంటు బిల్లు.
అల్లం టీ చెప్పాను.

టీ సగంలో ఉండగా
సంచిలోంచి షరతుల కాగితం తీశాడు.

రేకు నిలబెట్టి ఆర్నెల్లు నిండాలట.
అన్నప్రాసన లెక్క.
రాసింది నీ సొంతం కావాలి,
ఎక్కడో చూసి ఎక్కించింది కాకూడదట.
మరి ఐదో రోజు మా అమ్మ మాట రాశానే,
చేతికంటిన గ్రీసు చేతినే కాస్తుందని,
అది నాదా, ఆవిడదా?
కుర్రాడు పెన్ను కొరికాడు.
"ఉన్నారా?"
లేదన్నాను.
అయితే పర్లేదట.

తిట్లు ఉండకూడదట.
మస్తాను లారీ లాక్కుపోయిన ఫైనాన్సు వాళ్ళ మీద
పదో రోజు రాసింది తుడిచేశాగా అన్నాను.
"తుడిచినా చదవొస్తోంది బాబాయ్."
తడిగుడ్డతో ఇంకోసారి తుడిచాను.
ఇంకా బాగా చదవొచ్చింది.

చివరగా అసలుది.
రోజుకి ఎన్ని కళ్ళు పడతాయి?
ఐదొందలకి తక్కువైతే కంపెనీ మాట్లాడదు.
లెక్క రాయమని చిన్న పుస్తకం ఇచ్చి పోయాడు.
నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత, ఒక కట్ట.

మర్నాడు లేతు ఆపి స్టూలేసుకుని కూర్చున్నాను.

వెల్డింగు ఏసోబు ఆగి చదివాడు.
నిప్పురవ్వ తిన్నాక ఆయనకి పనిచేసేది ఒక కన్నే.
సగం గీత గీశాను.
బరంపురం క్లీనరు పిల్లాడికి తెలుగు రాదు,
అక్షరాల గుండ్రాలు వేలితో గాల్లో దిద్దుకుని పోయాడు.
చదవని కళ్ళు లెక్కలోకి వస్తాయా?
కాగితంలో ఆ ముక్క లేదు.
క్యారేజీల మంగతాయారు తల తిప్పనే లేదు,
పెదాలు మాత్రం కదిలాయి.
ఒక గేదె వచ్చి వీపు రుద్దుకుని
'నీళ్ళు' అన్న మాట ఒంటికి పూసుకుని వెళ్ళిపోయింది.
ఎండ ముదిరాక ఎవరూ లేరు.
రబ్బానీ ఒక్కడే
ట్యూబు తొట్టిలో ముంచి బుడగ కోసం వెతుకుతూ
మొత్తం పైకి చదివాడు.
"నాంచారయ్యా, నొప్పికి ఒత్తు పెట్టలేదు."

పొద్దు వాలేసరికి నలభై ఒకటిన్నర.

"ఇంకో తొంభై రెండు కట్టలు కొట్టేయ్,
ఎవడొచ్చి లెక్కపెడతాడు?" అన్నాడు రబ్బానీ,
చేతులు లుంగీకి తుడుచుకుంటూ.
నిజమే. పెన్ను తీశాను.
నాలుగు కట్టలు కొట్టాను కూడా.
ఐదోది కొట్టబోతే
ఏసోబు సగం గీత అడ్డొచ్చింది.
దాన్ని ఎందులో కలపాలో తెలీలేదు.
నాలుగూ కొట్టేసి పుస్తకం మూశాను.
కరెంటు వాడు ఐదో తారీకున వస్తాడు,
వాడితో నేను మాట్లాడుకుంటాను.

ఇరవై ఐదో రోజు
నొప్పికి ఒత్తు పెట్టి మళ్ళీ రాశాను.
కింద రెండడుగులు అలాగే నల్లగా ఉంది.
ఏసోబు సైకిలు దిగి
"ఇక్కడేం రాస్తావు?" అన్నాడు.
ఇంకా తెలీదన్నాను.
మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి
ఏమీ లేని ఆ జాగాని చాలాసేపు చూశాడు.
పుస్తకం తీసి
సగం గీత గీశాను.